పడుగు లేని చెట్టు

మా గల్లీలో కానుగ చెట్టు వేర్లు పైకి లేచాయని ముందుగా కనిపెట్టింది నా కాలి బొటనవేలు. పొద్దున నల్లా వచ్చే వేళ. రెండు బిందెలు చంకన పెట్టుకుని నడకా పరుగూ కాని తీరులో పోతున్నాను. నిన్నటి దాకా చదునుగా ఉన్న సిమెంటు బిళ్ళల్లో ఒకటి అంచు పైకెత్తి కూర్చుంది. తన్నుకుని బోర్లా పడ్డాను. గోరు సగం లేచింది. ఒక బిందె దొర్లుకుంటూ పోయి గటర్‌లో పడింది.

పక్క రూం అక్క గడపలో నిలబడి పళ్లు తోముకుంటోంది. ముందు నవ్వింది, ఆ తర్వాతే వచ్చి లేపింది.

“ఏందే, పొద్దుగాల్నే భూమికి సాగిలపడి మొక్కుతున్నవ్?”

“నవ్వకక్కా, గోరు వోయింది.”

“గోరుదేముంది, పోతే మొలుస్తది. బిందె సొట్టవోతే మొలుస్తదా? ముందుగాల దాన్ని తియ్యి.”

ఆమెది జగిత్యాల వైపు, మాది సిరిసిల్ల వైపు. సూరత్‌లో మా రెండు రూములకూ నడుమ ఒకటే గోడ. ఆమె దగ్గితే మా గిన్నెలు కదులుతాయి. మా ఇంట్లో పోపు వేస్తే ఆమె తుమ్ముతుంది. ఇరవై ఏళ్లుగా అదే మా చుట్టరికం.

నేలమీదే కూర్చుని ఆ బిళ్ళను ఎత్తి చూశాను. కింద నా మణికట్టంత లావు వేరు. పైతోలు గీసుకుపోయి లోపలి పసుపు కనబడుతోంది. పక్క బిళ్ళ కూడా కొంచెం లేచి ఉంది, దాని పక్కది కూడా. చెట్టు మొదలు నుంచి వరసగా చూసుకుంటూ వస్తే ఆ లేచిన బిళ్ళలన్నీ మా గడప ముందుకు వచ్చి ఆగాయి. అక్క బిందె కోసం గటర్ మీదికి వంగి ఉంది, ఆమె అది చూడలేదు. ఇది నా కోసమే వస్తోంది అనిపించింది.

ఎందుకు అనిపించిందో చెప్పాలంటే మా ఆయన సంగతి చెప్పాలి. నాకు సంతకం వరకే చదువు. నేను చెప్తుంటే నా బిడ్డ రాస్తోంది, ఇక్కడి తెలుగు బడిలో చదివింది. ఇదంతా రాయాలా అని అడుగుతోంది. రాయమనే అంటున్నాను.

ఆ చెట్టు పెట్టింది ఆయనే. ఈ బిడ్డ పాకే రోజుల్లో పాలికా వాళ్లు, అంటే మునిసిపాలిటీ వాళ్లు, బండి మీద మొక్కలు తెచ్చి పంచారు. అందరూ జామ, మందార ఏరుకున్నాక అడుగున మిగిలిన కానుగ మొక్కను ఈయన పట్టుకొచ్చాడు. “గిది కాయ తినరాదు, పువ్వు తురుముకోరాదు. ఏం జేసుకుంటం?” అన్నాను. “నీడ పడుతది. నీడల పండుకుంటం,” అన్నాడు. పండుకునే తీరిక ఆయనకు ఎప్పుడు ఉంది కనుక. పన్నెండు గంటల డ్యూటీ. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఖాతా నుంచి తెచ్చిన చీర అంచు పేలికలతో మొక్కను ఒక కర్రకు కట్టాడు. డ్యూటీ దిగి వచ్చాక చెవుల్లోంచి సాంచాల మోత పోయేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. వచ్చి ఆ మొక్క పక్కన గొంతుక్కూర్చునేవాడు. మొక్క చెట్టయ్యాక దానికి వీపు ఆనించి కూర్చునేవాడు.

అప్పట్లో గల్లీ మట్టిది. వాన పడితే మడమల దాకా బురద. కానుగ చూస్తుండగానే మూడు రూముల రేకుల మీదికి ఎదిగింది. ఎండాకాలం ముందర పూత రాలితే గడపల ముందు పేలాలు చల్లినట్టు ఉండేది. ఆ తర్వాత గల్లీకి సిమెంటు బిళ్ళలు పరిచారు. చెట్టు మొదలు చుట్టూ మూరెడు మట్టి వదిలారు, అంతే. అందరం సంతోషపడ్డాం. నేనూ పడ్డాను. బురద పోయింది కదా.

ఆయన పోయిన ఏడు ఎండలు హోళీకే మొదలయ్యాయి. నా చిన్నప్పుడు మా ఊళ్లో హోళీ పొద్దున తానం చేస్తే పళ్లు కొట్టుకునేవి. ఆ ఏడు రంగులు కడుక్కునే నీళ్లే వేడిగా వచ్చాయి. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆయన డ్యూటీ నడుమనే ఇంటికి వచ్చాడు. నేను గడప లోపల చీరల మూట ముందేసుకుని కూర్చున్నాను. చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించడం నా పని. పొద్దుగూకేసరికి మూట తీసుకుపోయే మనిషి వస్తాడు, ఇంకా సగం మిగిలి ఉంది. ఆయన లోపలికి రాలేదు. చెట్టు దగ్గరే కూలబడ్డాడు.

“జర నీళ్లియ్యవే.”

నేను తల ఎత్తలేదు. “చేతిల పనుంది. కుండల ఉన్నయ్, ముంచుకొని తాగరాదు?”

“మంచిగ. నువ్వది కానియ్యి. నేనే ముంచుకుంట తియ్యి.”

కోపంతో అనలేదు. ఆయనకు కోపం రాదు. నేను ఇంకో చీర తిప్పాను. దాని తర్వాత మరొకటి కూడా తిప్పాను. లోపలికి వస్తాడు, నన్ను దాటుకుని కుండ దగ్గరకు పోతాడు అనుకుంటున్నాను. రాలేదు. అప్పుడు లేచి చెంబు ముంచుకుని పోయాను. ఒళ్లు ముట్టుకుంటే పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. నోట్లో పోస్తే నీళ్లు లోపలికి పోలేదు. మూతి పక్క నుంచి గడ్డం మీదుగా కారి చెట్టు మొదట్లో ఇంకిపోయాయి. దవాఖానాకు చేరేలోపలే అయిపోయింది.

ఎండదెబ్బ అన్నారు. అవును, ఎండే. కానీ ఆ రెండు చీరల సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడే చెప్తున్నాను. నా బిడ్డ పెన్ను ఆపి నన్ను చూస్తోంది. రాయవే, రాయి.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. మనిషి ప్రాణం పోయిన తావులో పది రోజులు చెంబెడు నీళ్లు పెడతాం. దప్పిక మీద, మా మాటలో దూప మీద, పోయినవాళ్లకైతే మరీ మరిచిపోకూడదు. తెల్లారి ఆ నీళ్లు తాగకూడదు, వాడకూడదు. ఎవరూ తొక్కని చోట, చెట్టు మొదట్లో పోయాలి. పదకొండో రోజు చెంబు బోర్లించాలి. అంతటితో సరి. ఊరి నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, ఆయనకు అక్క, అన్నీ దగ్గరుండి చేయించింది. నలుగురి ముందు చెంబు బోర్లించాను. “ఇగ పొయ్యరాదు, ఇన్నవా?” అంది. విన్నానన్నాను. ఆమె రైలెక్కిన మరునాడే చెంబు తిప్పి నిలబెట్టాను.

ఆరేళ్లు పోశాను. ఒక్క పొద్దు తప్పలేదు. జ్వరం వస్తే నా బిడ్డ చేత పోయించాను. పోసేది ఒకే చోట. మా గడప వైపు, రెండు వేర్ల సందులో, ఆయన వీపు ఆనించిన తావులో. పోస్తుంటే మట్టి గుటక వేసిన చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వినేదాకా నాకు ముద్ద దిగేది కాదు. ముంచుకుంట అన్నవ్ కద, ఇగో నేనే తెచ్చిన, అని లోపల అనుకునేదాన్ని.

ఆ ఆరేళ్లలో కాలం తీరే మారిపోయింది. ఎండలు హోళీ దాకా కూడా ఆగడం లేదు. వాన రావాల్సిన రోజుల్లో రాదు, వచ్చిందంటే రెండు రోజుల్లో కుమ్మరించి పోతుంది. మా రూముల వెనక ఖాడీ ఉంది, వాన నీళ్లూ మురుగూ పోయే వాగు. అది పొంగితే గల్లీలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. తీసిపోయిన నాలుగు రోజులకే మళ్లీ బిళ్ళల సందుల్లో దుమ్ము లేస్తుంది. మునుపు పట్టు విడవకుండా సన్నగా, రోజుల తరబడి పడే వాన ఎటు పోయిందో. ఆరేసిన చీరలు వారమైనా ఆరడం లేదని దాన్నే తిట్టుకునేవాళ్లం.

నా గోరు ఊడింది అలాంటి ఒక వానాకాలం దాటాక. ఆ తర్వాత వారానికి పక్క రూం అక్క నన్ను చెయ్యి పట్టి తీసుకుపోయి చూపించింది. చెట్టుకూ ఆమె రేకు అంచుకూ మధ్య మునుపు మనిషి దూరేంత సందు ఉండేది. ఇప్పుడు రెండు జానలే ఉంది. చెట్టు ఒరుగుతోంది. ఆమె రూం మీదికి ఒరుగుతోంది. ఆ రేకు కిందే ఆమె మనుమరాలి ఊయల.

“నీ మొగడు వెట్టిన చెట్టు, నేనేమంటలేను. గాని పసిదాని మీద పడితే? నువ్వే చెప్పు.”

“ఊయల మా రూంల కట్టుకో అక్కా.”

“గాలి మళ్లితే నీ మీద పడదా? గిది నీ రూం, గది నా రూం అని చెట్టుకు చిట్టీ రాసిస్తవా?”

రూముల సేఠ్ వచ్చి చూసి కొట్టించేద్దాం అన్నాడు. చెట్టు కొట్టాలంటే పాలికాకు చెప్పాలి. వాళ్ల మనిషి ఎవరో మూడు రోజుల్లో వచ్చి చూసిపోతాడని తెలిసింది. ఆ మూడు రోజులు నేను మనిషిలా లేను. చెట్టు పోతే నీళ్లు ఎక్కడ పోయాలి? ఆయన ఎక్కడ కూర్చుంటాడు? రూం ఖాళీ చేసి పొమ్మంటే పోతాను, ఇంకో గల్లీలో ఉంటాను. ఆయనను ఎలా తీసుకుపోను?

వచ్చింది ఒక ముసలి మాలీ. బుగ్గన తంబాకు, చేతిలో మట్టి గీకే ఖుర్పీ. అందరం చెట్టు పైకి చూస్తుంటే ఆయన కింద చూశాడు. చెప్పులు విడిచి మొదలు చుట్టూ అరికాళ్లతో తడుముతూ తిరిగాడు. తర్వాత కూర్చుని ఖుర్పీతో పొడిచాడు. మూడు వైపులా టంగుమంది. మా గడప వైపు మాత్రం మెత్తగా దిగింది. మట్టి గీకితే సన్నటి వేర్లు, దువ్వని జుట్టులా చిక్కులు పడి, గుప్పెళ్ల కొద్దీ ఉన్నాయి. ఆయన తల ఎత్తాడు. మాట్లాడింది హిందీ, నాకు గుర్తున్నట్టు మన మాటల్లో చెప్తాను.

“ఈడ రోజు కొన్ని కొన్ని నీళ్లు పోస్తున్నదెవరు?”

దొంగతనం దొరికినట్టయింది. పక్క రూం అక్క నా వైపు చూసి, చూడనట్టు కొంగు సర్దుకుంది. ఆమెకు ఆరేళ్లుగా తెలుసు.

“నేనే,” అన్నాను.

“ఎన్ని?”

“చెంబెడు.”

“ఎన్నొద్దుల సంది?”

“ఆరేండ్లు.”

ఆయన ఖుర్పీ కింద పెట్టాడు. “తప్పు నీ ఒక్కదానిదే కాదు మాసీ. వేరుకు కండ్లు లేవు. తడి యాడుంటే ఆడికి పోతది. మునుపు వాన నెమ్మదిగ పడేది, నీళ్లు లోపటికి దిగేవి, ఆటెంబడి వేరు దిగేది. ఇప్పుడు పడ్డ వాన పడ్డట్టే గటర్లకు పోతుంది. బిళ్లల కింద భూమి ఇటుక లెక్క ఎండింది. గీ ఎండలకు వేరు యాడికి పోవాలె? నీ చెంబు దొరికింది. లోపటికి పోయే పని ఇడిచిపెట్టి నీ చెంబు కాడ కాసుకొని కూసుంది.”

“మరి ఒరుగుడెందుకు?” అంది అక్క.

ఆయన రెండు చేతులూ అడ్డంగా చాపాడు. “గిట్ల పోయే వేర్లున్నయ్.” వేలితో నేలలోకి పొడిచినట్టు చూపించాడు. “గిట్ల పోయేటియి లేవు. ఉన్న కొన్ని ఖాడీ నీళ్లు నిలిచి మురిగినయ్. ఇంక దేన్ని పట్టుకొని నిలబడ్తది?”

నేను నేత ఇంట్లో పుట్టినదాన్ని. బట్టలో నిలువు దారం పడుగు, అడ్డం దారం పేక. పేక ఎంత ఒత్తుగా కొట్టినా పడుగు లేకపోతే అది బట్ట కాదు, చేతిలోకి తీస్తే విడిపోయే దారాల కుప్ప. మా ఆయన సాంచ మీద పడుగులో ఒక్క పోగు తెగినా ఉన్నపళంగా ఆపేవాడు. నేను పడుగు తెగిన సాంచను ఆరేళ్లు నడిపించాను. మాలీ చెప్పింది నాకు అలా అర్థమైంది.

సేఠ్ “అయితే కొట్టుడే కద,” అన్నాడు. మాలీ తంబాకు ఉమ్మి, కొడితే పది నిమిషాల పని, ఆగితే నిలవనూ వచ్చు నిలవకపోనూ వచ్చు అన్నాడు. ఒరిగిన వైపు కొమ్మలు తీసి బరువు తగ్గించాలి. మొదట్లో ఒక్క చుక్క పడకూడదు. గల్లీ అవతల, చెట్టు నీడ అంచు పడే చోట ఆరు బిళ్ళలు పీకి, గునపంతో లోతు గుంతలు పొడవాలి. పదిహేను రోజులకు ఒక్కసారి ఆ గుంతల్లో ఇరవై బిందెలు పోయాలి. నడుమ ఏమీ ఇవ్వకూడదు.

“నడుమ ఎండిపోతది కద?” అన్నాను.

“ఎండాలె మాసీ. దూప కావాలె. దూపైతేనే దిగుతది.”

నేను నేల మీద కూర్చుండిపోయాను.

రెండు ఎండాకాలాలు చూడాలన్నాడు. పక్క రూం అక్క సందులో చెయ్యి పెట్టి కొలిచింది. “జానెడు దాకా ఓర్చుకుంట. జానెడు లోపటికొస్తే గొడ్డలి నేనే పట్టుకుంట. మళ్ల నన్ననద్దు,” అంది. అనను అన్నాను. ఊయలను ఆమె రూంలో అవతలి మూలకు మార్చింది.

కొమ్మలు కోసిన రోజు మా రూంలోకి ఎన్నడూ రాని చోట ఎండ పడింది. రేకు కాగి, మధ్యాహ్నానికి లోపల కూర్చోలేకపోయాం. చెట్టు కొట్టాలని తొందరపడ్డవాళ్లే నీడ ఎందుకు తీశారని నన్ను తిట్టారు.

అప్పటి నుంచి ఈ ఊళ్లో చెట్ల పైకి చూడడం మానేశాను, మొదళ్లు చూస్తాను. నా బిడ్డ ఈ ఊళ్లోనే ఆల్థాన్ వైపు ఒక దంతాల డాక్టరు దగ్గర పని చేస్తుంది. ఒక రోజు అన్నం డబ్బా మరిచిపోతే ఇచ్చిరావడానికి పోయాను. పెద్ద పెద్ద బిల్డింగుల ముందు, చెట్టు మెడకు కడియం వేసినట్టు సిమెంటు పోశారు. ఒక గుల్‌మొహర్ గాలికి పడి ఉంది. దాని వేర్లు లేచి గోడలా నిలబడ్డాయి. రొట్టెలా పలచగా, లోతు అన్నదే లేదు. జనం పక్క నుంచి బండ్లు తిప్పుకుని పోతున్నారు. నేను ఒక్కదాన్నే నిలబడి, దీనికి కూడా ఎవరో చెంబుతో పోశారా అనుకున్నాను.

చెంబు బోర్లించాను. ఈసారి చూసినవాళ్లు లేరు. మొదటి రోజు నల్లా దగ్గర నుంచి రాగానే నా చెయ్యి దానంతట అదే చెంబు తిప్పి ముంచింది. గడప దాటాక గాని తెలియలేదు. మొదట్లో ఆరేళ్ల నీళ్లకు గిన్నెలా గుంట పడింది. అది నోరు తెరిచినట్టు ఉంది. ఆ నీళ్లు వెనక్కి తెచ్చి కుండలో పోశాను. ఆ రోజంతా ఆ కుండ నీళ్లు తాగలేకపోయాను.

ఎండలు ముదిరేసరికి గుంట అడుగు పగిలింది. ఆకులు ముడుచుకున్నాయి, కొన్ని పసుపు తిరిగి రాలాయి. పగటిపూట గడపలో కూర్చుని దారాలు కత్తిరిస్తుంటే ఆయన చెట్టు కింద ఉండేవాడు. తల వంచుకుని ఉన్నంతసేపే. ఎత్తితే ఎవరూ ఉండరు. అందుకని ఎత్తేదాన్ని కాదు. నీళ్లు అడిగేవాడు కాదు. అడిగితే బాగుండేది. “నువ్వది కానియ్యి,” అనేవాడు. “నేనే ముంచుకుంట తియ్యి.” నేను కత్తెర ఆడిస్తూనే ఉండేదాన్ని. కత్తెర ఆపితే ఆయన లేచి వస్తాడేమోనని ఒక భయం, ఆపకపోతే మళ్లీ అదే తప్పు చేస్తున్నానని ఒక భయం. చీరలకు కోతలు పడ్డాయి. మూట తీసుకుపోయే మనిషి, “కండ్లు పోతున్నయా మాసీ?” అని అడిగాడు.

ఒక మధ్యాహ్నం ఇక నా వల్ల కాలేదు. చెంబు కాదు, బిందె ఎత్తుకుపోయి మొత్తం మొదట్లో కుమ్మరించాను. పగుళ్లలోకి నీళ్లు బుడబుడమని పోతుంటే వింటూ నిలబడ్డాను. వెనక నుంచి నా బిడ్డ అరిచింది.

“అమ్మా! పాగల్ అయినవా? మాలీ కాకా ఏం జెప్పిండు?”

“మీ నాయినకు పోసిన. చెట్టుకు కాదు.”

“తాగేది చెట్టే కద! నాయిన కోసమని పోసి పోసి, నాయిన పెట్టిన దాన్నే పడగొడ్తవా? పడితే ఊయల మీద పడ్తది, సోచో జరా, ఆలోచించు!”

చెయ్యి ఎత్తాను. కొట్టలేదు. ఆమె బిందె లాక్కుని దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుంది. “నాకు యాది లేదనుకుంటున్నవా? నేను బడి నుంచి అచ్చేసరికి గీన్నే పండవెట్టిన్రు. నువ్వు నాతోని ఒక్క మాట మాట్లాడలే. చెట్టుతోనే మాట్లాడినవ్. ఆరేండ్లు,” అంది.

ఆ సాయంత్రం మా ఆడబిడ్డకు ఫోన్ చేసి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఆనాడే చెప్పిన గద పిల్లా, ఇగ పొయ్యొద్దని. నువ్వు పోస్తుంటే వాడు యాడికి పోతడే? నీళ్లు దొరికేకాడ్నే కూసుంటడు. పోయినోళ్లను దూపతోనే తోలియ్యాలె. వాళ్ల తొవ్వల వాళ్లకు నీళ్లుంటయ్.”

“ఉంటయా వదినా?”

“నేను పోయి సూసొచ్చిన్నా?” అంది. ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. “ఉంటయ్ తియ్యి.”

ఆమె సూరత్‌లో ఉన్నది పన్నెండు రోజులు. మాలీని ఎన్నడూ చూడలేదు.

ఆ తర్వాత చెంబు ముట్టలేదు. పదిహేను రోజులకోసారి గల్లీ అవతల గుంతల్లో ఇరవై బిందెలు పోశాను. నల్లా నీళ్లు సరిపోక ముందు రోజు నుంచే దాచేవాళ్లం. మొదట్లో నేను, నా బిడ్డ మోశాం. రెండో నెలలో పక్క రూం అక్క కూడా బిందె ఎత్తింది. “నా రూం మీద పడే చెట్టుకు నేనే నీళ్లు మోస్తున్న, నా అసోంటి పిచ్చిది ఉంటదా?” అని గల్లీ అంతా వినేట్టు అనుకుంటూ మోసింది. ఆ గుంతలు నీళ్లను చప్పుడు లేకుండా తాగేవి. గుటక లేదు, ఏమీ లేదు. పోసింది ఎవరికి అందుతుందో తెలిసేది కాదు.

మొదటి వానాకాలం పెద్ద గాలి లేకుండా గడిచింది. సందు రెండు జానల కన్నా కొంచెం తక్కువకు వచ్చి ఆగింది. రెండో ఎండాకాలం అంతకన్నా ముందే వచ్చింది, కానీ ఆకులు అంతగా ముడుచుకోలేదు. గడపలో నేను తల వంచితే మాత్రం ఆయన మునుపటి లాగే చెట్టు కింద ఉన్నాడు.

ఈ ఏడు మొదటి వాన గాలితోనే వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటలకే గల్లీ నల్లబడింది. అందరం రూములు విడిచి ఎదురుగా ఉన్న ఖాతా అరుగు మీదికి పరుగెత్తాం. అక్క మనుమరాలు నా చంకలో ఉంది. చెట్టును సరిగ్గా రూం మీదికి నెట్టేటట్టు కొట్టింది గాలి. చెట్టు ఊగితే దానితో నేల కూడా ఊగింది. మొదట్లో భూమి రొమ్ములా పొంగుతోంది, కుంగుతోంది. బిళ్ళలు లేచి పడుతూ టకటకమంటున్నాయి.

“పడ్తది,” అంది అక్క. “పాయె, నా రూం పాయె.”

అప్పుడు నాకు ఏమనిపించిందో చెప్పడానికి సిగ్గు. పడిపోనీ అనిపించింది. పడితే ఇంక కాసుకోవలసింది ఉండదు. గడపలో తల వంచుకోవలసింది ఉండదు. అంతలో ఇంకో గాలి వచ్చి చెట్టును ఇంకా వంచింది. నేను “పడకు!” అని కేక వేశాను. గొంతు చీరుకుపోయింది. చంకలోని పసిది బెదిరి ఏడుపందుకుంది.

ఒక కొమ్మ విరిగి రేకు మీద పడి, జారి కిందికి వచ్చింది. చెట్టు నిలబడింది.

వాన వెలిశాక అక్క తనే పోయి సందులో చెయ్యి పెట్టింది. “జానెడు. మీద నాలుగు వేళ్లు,” అంది. మళ్లీ ఒకసారి కొలిచింది. లోపలికి పోయి తడిసిన బొంతలు పిండుకుంది.

వారానికి మాలీ వచ్చాడు. ముందు మా గడప వైపు మొదట్లో గీకాడు. ఆ జుట్టు లాంటి వేర్లు కొబ్బరి పీచులా ఎండి, పట్టుకుంటే చాపలా మొత్తంగా లేచి వచ్చాయి. “ఇవి నీ చెంబు వేర్లు. చచ్చిపోయినయ్,” అని నా చేతిలో పెట్టాడు. బరువే లేదు. తర్వాత గల్లీ అవతలికి పోయి గుంత పక్కన లోతుగా తవ్వాడు. అక్కడ వేలంత లావు వేరు ఒకటి, అడ్డంగా వచ్చి వచ్చి, ఒక చోట మెడ వంచి నిట్టనిలువుగా కిందికి దిగింది.

“దిగింది సూడు మాసీ. ఇదొక్కటే ఉండదు, ఇంక కొన్ని ఉంటయ్. చెయ్యి పెట్టు.”

పక్కకు ఒరిగి పడుకుని చెయ్యి లోపల పెట్టాను. మోచెయ్యి పోయింది, భుజం దాకా పోయింది. వేరు వెంట వేళ్లు దించాను. లోపల చల్లగా ఉంది. ఆ ఎండలో అంత చల్లదనం ఉంటుందని అనుకోలేదు. దాని కొస నాకు అందలేదు.

“నీళ్లు అందినయా?” అన్నాను గుంతలోకి. మాలీ నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

జవాబు రాలేదు. గాలివాన వచ్చిన రోజు నుంచీ గడపలో కూడా ఆయన మాట లేదు. దారాలు కత్తిరిస్తూ ఎంతసేపు తల వంచుకున్నా చెట్టు కింద ఎవరూ ఉండడం లేదు. ఆడబిడ్డ కోరింది అదే, నేనూ కోరాను. అయినా వినడం మానలేకపోతున్నాను.

“కప్పెయ్యాలె,” అన్నాడు మాలీ. “గాలి తగిలితే ఎండిపోతది.”

మాలో మనిషి పోతే పాతిపెట్టి, తలా పిడికెడు మట్టి వేస్తారు. ఈ ఊళ్లో మాకు జాగా ఎక్కడిది, ఆయనను కాల్చారు. నన్ను గల్లీ మలుపు దాకానే రానిచ్చారు. మాలీ పార అందుకోబోతే వద్దన్నాను. చేత్తోనే వేశాను, పిడికెడు పిడికెడు, గుంత నిండేదాకా. ఆయన తంబాకు నములుతూ పక్కన నిలబడ్డాడు. తొందర పెట్టలేదు.